మెల్లకన్ను నెమలి

భీమరాజు అని పేరు పెట్టిన ఆ తాతగారిని నిలదీసి అడగాలి, ఏం చూసి పెట్టావయ్యా ఆ పేరు అని. బల్లి కిచకిచమంటే ఉలిక్కిపడేవాడికి, వీధిలో బండి ఆగితే గబగబా కిటికీ మూసేవాడికి భీముడి పేరా! నలుగురూ నవ్వుకోవడానికి తప్ప ఈ యాభై ఏళ్లలో ఆ పేరు ఆయనకి ఎందుకూ పనికిరాలేదు.

యాంగోన్‌లో, చిమిండైంగ్ బజారు వెనక వీధిలో, మూడో అంతస్తులో ఆయన కాపురం. బజారులో చిన్న కొట్టు. గడియారాలు బాగుచేస్తాడు, పాత నాణేలు కొని అమ్ముతాడు. ముత్తాత శ్రీకాకుళం అవతల నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశాడు. ఆ మూటల బరువు ఈయన దాకా రాలేదు గాని, పెద్దవాళ్లను చూడగానే వంగిపోయే వెన్ను మాత్రం వంశంలో నిలిచింది.

అలాగని భయం తప్పనడానికి లేదు. ఈ రోజుల్లో ఈ ఊళ్లో భయపడనివాడు కనిపిస్తే వాడికి ఎదిగిన కొడుకులు లేరని అర్థం. భీమరాజుకి ఒక్కడే కొడుకు, సత్యప్రసాద్. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించేవాడు. కుర్రాళ్లను దండులోకి పిలిచే చట్టం అమలు మొదలైన దగ్గర్నుంచీ వార్డులో వయసొచ్చినవాళ్ల పేర్లు రాసి చీటీలు తీస్తున్నారు. ఎదురింటి కనకరత్నం కొడుకు అలాగే వెళ్లాడు. ఎక్కడున్నాడో కబురు లేదు. ఆవిడ ఇప్పటికీ పూటపూటకీ వాడి కంచం కడిగి పెడుతుంది. దారిలో పికప్ బండ్లు ఆపి కుర్రాళ్లను దించుతున్నారని పుకారు పుట్టాక సత్యప్రసాద్ పని మానేశాడు. వంటింటి వెనక గదిలో ఫోను చూసుకుంటూ పడుంటాడు. ఈసారి చీటీలు సోమవారం, కొత్త సంవత్సరపు నీళ్ల పండగకి సరిగ్గా ముందు.

ఆ వారం మొదట్లో బోజీ కొట్టుకి వచ్చాడు.

బోజీ అంటే దండులో అధికారిని పిలిచే పిలుపు. ఆయన అసలు పేరు బజారులో ఎవరూ పలకరు. ఒకప్పుడు దండు ఇళ్లుండే మింగళాడోన్ వైపు ఏదో హోదాలో ఉండేవాడట, ఇప్పుడు వ్యాపారమంటాడు. ఏం వ్యాపారమని అడిగినవాడు లేడు. గొంతు పెంచడు, పేరు ముందు 'కో' అని, అంటే అన్నా అని, చేర్చి నవ్వుతూ మాట్లాడతాడు, ఎదుటివాడి చెమట చూస్తూ తాపీగా టీ తాగుతాడు. అరిచేవాడి దగ్గర బతకొచ్చు గాని ఇలాంటివాడి దగ్గర కష్టం.

చేతిరుమాలు విప్పి, నల్లబడ్డ వెండి కాసు ఒకటి బల్ల మీద పెట్టాడు. పాత రాజుల కాలపు నెమలి రూపాయి. పురి విప్పిన నెమలి ఒక పక్క, ఆకుల దండ మధ్య అక్షరాలు రెండో పక్క.

"ఇది అసలుదో కాదో చూడు, కో భీమా. శనివారం మీ ఇంటికి వస్తాను. ఇలాంటి సంగతులు బజారులో మాట్లాడుకోవడం బాగుండదు." లేచి వెళ్లబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "నీకొక కొడుకున్నాడు కదూ? సోమవారం చీటీలో వాడి పేరు ఉండాలా వద్దా అన్నది నేను ఒక మాట వేస్తే తేలిపోతుంది."

భీమరాజు నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. వేస్తానన్నాడో, వెయ్యనన్నాడో, వాడి పేరు చేరుస్తానన్నాడో తెలియలేదు. తెలియకుండా అనడమే బోజీ విద్య.

భయం సంగతి పక్కన పెడితే, నాణెం చేతికొచ్చినప్పుడు భీమరాజు వేరే మనిషి. గడియారాల భూతద్దం కంట్లో బిగించి చూశాడు. మొదట కళ్లు మెరిశాయి, తర్వాత గుండె జల్లుమంది. అది మెల్లకన్ను నెమలి.

ఆ పేరు ఆయన పెట్టుకున్నదే. నాణెం పుట్టేది అచ్చులోంచి. పైన ఒక ఉక్కు అచ్చు, కింద ఒకటి, నడుమ వెండి బిళ్ల, ఒక్క పోటు. బొమ్మా బొరుసూ ఒకేసారి పడతాయి. అచ్చు చెక్కేది మనిషే గనక ఏ రెండూ అచ్చం ఒకలా ఉండవు. ఒకదాంట్లో ఈక ఎక్కువ, ఒకదాంట్లో చుక్క తక్కువ. ఈ అచ్చు చెక్కినవాడి చెయ్యి జారినట్టుంది, నెమలి కన్ను ముక్కు దగ్గరికి వచ్చేసింది. అదీ ఆ పేరు. అచ్చుకి వయసు కూడా ఉంటుంది. పోట్లు తినీ తినీ అరుగుతుంది, ఆ పైన పగులుతుంది. పగుల్లోకి వెండి దూరి, నాణెం మీద వెంట్రుకలాంటి గీత లేస్తుంది. మొదట్లో కొట్టిన కాసు మీద గీతే ఉండదు. కొన్నాళ్లకి నెమలి మెడ దగ్గర గోరంత గీత. చివరి రోజుల్లో కొట్టినదాని మీద ఆ గీత మెడ నుంచి అంచు దాకా పాకిపోయి ఉంటుంది. అచ్చులో పగులు పెరగడమే గాని తరగడం ఉండదు.

మెల్లకన్ను నెమలిని భీమరాజు తన జన్మలో నాలుగైదు చూశాడు. అందులో ఒకటి సొంత ఇంట్లోనే ఉంది. ముత్తాత సంపాదించిన కాసు, ఆయన భార్య చేతుల మీదుగా కోడళ్లకి వస్తున్న ముడుపు కాసు. దాని మీద గీత అంచు దాకా ఉంది. బోజీ ఇచ్చినదాని మీద గోరంతే. నలుపు దట్టంగా ఉన్న బొరుసును ఇంటి దగ్గర తీరిగ్గా చూద్దామని వదిలేశాడు.

శుక్రవారం పొద్దున ఇంట్లో, ఆ రెండు కాసులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. రెండూ బొగ్గులా నల్లగా ఉన్నాయి. కరెంటు పోయింది. లాంతరులో బ్యాటరీ కూడా అయిపోయింది. "ఇప్పుడే వస్తాను, బల్ల ముట్టుకోవద్దు" అని కేకేసి కిందికి దిగాడు. ఆ కేక వంటింట్లో తిరగమోత చప్పుడులో కలిసిపోయింది.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా పుల్లటి వాసన.

"ఇదేటి వాసన?" అన్నాడు గుమ్మంలోనే.

భార్య సూర్యావతి తడి చేతులతో ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అమ్మకి మొక్కుకున్నాను. సోమారం మన గుంటడి పేరు రాకండా సూడు తల్లీ అని. అత్త కాసు నువ్వే తీసి బల్ల మీద ఎట్టినావు గదా, సింతపండెట్టి తోమీసినాను. సూడు, ఎలాగ తళతళలాడతందో!"

ఆ ఇంటి ఆడవాళ్ల పద్ధతి అది. బిడ్డకి ఆపద వస్తే ముడుపు కాసును చింతపండుతో తోమి, పసుపు రాసి, పైడితల్లి పటం ముందు పెడతారు. నల్ల వెండి అమ్మ ముందు పెట్టకూడదు. పెట్టాక గండం గడిచేదాకా ఎవరూ ముట్టకూడదు. సత్యప్రసాద్ పుట్టినప్పుడు అత్తగారు పెట్టారు, మళ్లీ ఇదే. పాత నాణేన్ని తోమడమంటే దాని వయసు గీకేయడమేనని, మచ్చ పోతే విలువా పోతుందని భీమరాజు ఇన్నేళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నాడు. మొక్కు ముందు మచ్చ ఎవరిక్కావాలి?

ఆయన చూపు బల్ల మీదికి వెళ్లింది. కాగితం మీద ఒకటే కాసు ఉంది, నల్లది. దేవుడా, ఇది బోజీదే అయి ఉండాలి అనుకుంటూ భూతద్దం బిగించాడు. అద్దం రెండుసార్లు జారింది. గీత మెడ దగ్గర మొదలై పాకి పాకి అంచుకి తగిలింది.

"ఓలమ్మో," అని కుర్చీలో కూలబడ్డాడు. "ఇది మనది. నువ్వు తోమీసింది బోజీది!"

సూర్యావతి చేతిలోని కాసు అప్పుడే పసుపు గిన్నెలో ముంచబోతోంది. అట్టే నిలబడిపోయింది. "రెండూ ఒక్కలాగే ఉన్నాయి గదయ్యా. నాకేటి తెలుస్తాది?"

ఆమె చేతిలోంచి కాసు లాక్కుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు, మచ్చ ఎంత పోయిందో, ఏ మూలైనా కాస్త మిగిలిందేమో అన్న ఆశతో. అక్కడ ఎండలో చూశాక ఆయనకి ముచ్చెమటలు పోశాయి.

ఆ నలుపు కాలం పూసిన నలుపు కాదు. ఎవరో పూసిన రంగు, చింతపండుకి సుబ్బరంగా ఊడిపోయింది. దాని కింద వెండి నిండా సన్నటి బొక్కలు, పులిసిన దోసె పిండి మీద బుడగల్లాగా. పోటు వేసి అచ్చు కొట్టిన కాసుకి బొక్కలు ఉండవు. కరిగించి మూసలో పోసినదానికే ఉంటాయి. తిప్పి బొరుసు చూశాడు. ఆకుల దండలో ఒక ఆకు మొండిగా ఉంది. ఆ మొండి ఆకు తమ ముడుపు కాసు మీదా ఉంది, గీత అంచు దాకా పాకిన మిగతా వాటి మీదా చూశాడు. గీత గోరంత ఉన్న కాలపు కాసుల మీద మాత్రం ఆకులన్నీ నిండుగానే ఉంటాయి. మరి ఈ కాసు ముందు నుంచి పసిది, వెనక నుంచి ముసలిది. ఏ తల్లీ అలాంటి బిడ్డను కనదు. ఎవడో రెండు వేరువేరు కాసుల మీంచి రెండు మూసలు తీసి అతికించాడు.

"దొంగది సూర్యా. వట్టి దొంగ కాసు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "అయితే మంచిదే గదా! దొంగదాన్ని తోమితే పాపమేటి? ఆ మాటే సెప్పీ ఆయనకి."

"సెప్తే నమ్ముతాడేటే? నల్లటి కాసిచ్చినాను, తెల్లటి దొంగ కాసు సేతిలో ఎడతన్నావు, నాది ఏ మూల దాసినావురా అంటాడు. నీనైనా అలాగే అంటాను." ఆయన గొంతు కీచుమంది. "నిజం సెప్తే దొంగనౌతాను. అబద్దం సెప్పడానికి ఆ కాసు మీద నలుపే నేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపలి గదిలోంచి సత్యప్రసాద్ ఫోనులో ఏదో పాట సన్నగా వినిపిస్తోంది. సోమవారానికి ఈ గదిలో ఈ పాట ఉంటుందా?

సూర్యావతి భర్త వేళ్ల మధ్య నుంచి ఆ కాసు తీసుకుని, పసుపు దట్టంగా పట్టించి, కుంకుమ పెట్టి, తిన్నగా వెళ్లి పైడితల్లి పటం ముందు పెట్టేసింది. హారతి వెలిగించింది.

"ఏటి సేస్తన్నావు? తియ్యి! రేపు ఆయనొస్తాడు, కళ్లెదురుగా ఉంటాది!"

"అమ్మకిచ్చింది తియ్యను." కళ్లనిండా నీళ్లున్నాయి గాని గొంతు మాత్రం రాయిలా ఉంది. "కాసు దొంగదైతే అవనీ. నా మొక్కు దొంగది కాదు. నువ్వు మన కాసు ఇచ్చీ ఆయనకి. అది అసలుదే గదా, నల్లగానే ఉంది గదా. ఆయనకి గీతలు తెలుస్తాయేటి?"

భీమరాజు ఆలోచించాడు. బోజీకి కావలసింది నల్లటి నెమలి కాసు. గీతల సంగతి ఆయనకేం తెలుసు? దొంగ కాసు ఇచ్చిన మనిషి అసలు కాసు పట్టుకుపోతాడు, ఆయనకే లాభం. ముత్తాత సొమ్ము పోతుందని ఒక్క క్షణం బాధపడ్డాడు. కొడుకు కంటే కాసు ఎక్కువా? ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కాస్త కన్ను మూశాడు.

శనివారం మధ్యాహ్నం వీధిలో బండి ఆగింది. ఇద్దరు మనుషులు బండి దగ్గరే నిలబడ్డారు. బోజీ ఒక్కడే మెట్లెక్కాడు. సత్యప్రసాద్‌ని వెనక గదిలో పెట్టి గడియ వేశారు. పాట లేదు, దగ్గు కూడా లేదు.

బోజీ చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, నేరుగా దేవుడి మూల దగ్గర ఆగాడు. "ఈ కాసేమిటి?"

భీమరాజు పై ప్రాణాలు పైనే పోయాయి. సూర్యావతి చేతులు జోడించి, తనకొచ్చిన బర్మాలో చెప్పింది. "మా అమ్మవారికి మొక్కింది, బోజీ. కొడుకు కోసం. గండం దాటేదాకా ఎవరూ ముట్టకూడదు. ముట్టినవాళ్లకి మంచిది కాదంటారు."

బోజీ వంగి చూశాడు. పసుపు కింద నెమలి తోక ఈకలు రెండు మెరుస్తున్నాయి. చెయ్యి కొంచెం ముందుకి వచ్చింది. ఆగింది. వెనక్కి వెళ్లి నడుం మీద చేరింది. "మొక్కులకి అడ్డురాను," అని నవ్వి వచ్చి కూర్చున్నాడు. ఎంత బోజీ అయినా ఎవరి దేవతలతోనూ పెట్టుకోడు.

భీమరాజు ముడుపు కాసును రుమాల్లో పెట్టి అందించాడు. చెప్పాల్సిన మాట పొద్దుట్నుంచీ వల్లె వేసుకున్నాడు: అసలుదే బోజీ, దివ్యంగా ఉంది. నోరు తెరవబోతుంటే బోజీ సంచిలోంచి చెక్క పెట్టె తీశాడు. మూత తెరిచి, ఎర్ర గుడ్డ పరిచి, అందులోని కాసులు ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చాడు. పదకొండు. అన్నీ నల్లటి నెమళ్లే. పన్నెండోదిగా భీమరాజు ఇచ్చినదాన్ని చివర పెట్టాడు.

"నీ దగ్గర ఉంచింది నమూనాకి. ఇవి మిగతావి. అన్నీ ఒకే కుండలో దొరికాయట. పండక్కి పన్నెండు ఇళ్లకి కానుకలు పంపాలి. ఒక్కొక్కటీ నాకంటే పెద్ద ఇల్లు." ఆ చివరి మాట దగ్గర బోజీ నవ్వు కొద్దిగా సడలింది. తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడు కదా, ఈయన కూడా ఎవరికో భయపడుతున్నాడని భీమరాజుకి అప్పుడు తెలిసింది. తెలిసి ఇంకా భయం వేసింది. భయపడేవాడి చేతిలో కత్తి ఎప్పుడూ మరీ ప్రమాదం.

"చూడు," అన్నాడు బోజీ.

భీమరాజు భూతద్దం బిగించాడు. మొదటిది మెల్లకన్ను. మెడ దగ్గర గోరంత గీత. తిప్పాడు. మొండి ఆకు. రెండోదీ అంతే. మూడోది. నాలుగోది. అన్నిటికీ రెక్క కింద ఒకేచోట ఒకేలాంటి సొట్ట. పదకొండూ ముందు పసివి, వెనక ముసలివి. పదకొండూ ఒకే మూసలో పోసిన దొంగ కాసులు. ఆ వరసలో అసలుది ఒక్కటే, చివరన ఉన్న తన ముత్తాతది.

బోజీ ఫోను తీసి, బొమ్మను పెద్దది చేసి, వరస మీదుగా మెల్లగా నడిపాడు. చివరి కాసు మీద ఆగాడు. వెనక్కి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు.

"కో భీమా. పదకొండిటి మీద ఈ గీత ఇంతే ఉంది. దీని మీద అంచు దాకా ఉంది. ఎందుకు?"

"అది అచ్చు పగులు, బోజీ," అని మొదలుపెట్టాడు భీమరాజు. "ఒకే అచ్చయినా కొట్టగా కొట్టగా పగులు పెరిగి..."

బోజీ వేలెత్తాడు. "నాకు పాఠం వద్దు. ఈ పెద్దలు పండక్కి ఒకరింటికొకరు వెళ్తారు, పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. నాదెందుకు వేరుగా ఉందని ఒకడు అడుగుతాడు. నేనేం చెప్పను? పన్నెండూ ఒకేలా ఉన్నాయని అమ్మినవాడు నాతో అన్నాడు. ఇప్పుడు ఒకటి వేరు. అయితే అమ్మినవాడు మోసగాడు. లేకపోతే ఇంకెవరో మార్చారు." ఆ 'ఇంకెవరో' దగ్గర చూపు లేచి భీమరాజు మొహం మీద కూర్చుంది. "ఒక్క మాట చెప్పు చాలు. ఇందులో దొంగది ఉందా? ఉంటే ఏది?"

వెనక గదిలో మంచం కిర్రుమంది. బోజీ తల తిప్పలేదు గాని విన్నాడు.

పిల్లిని చూసిన ఎలకలా భీమరాజు మనసు అన్ని మూలలకీ పరిగెత్తింది. ఆ పదకొండూ దొంగవి అంటే, ఈ ఒక్క అసలుది ఎక్కడిదని అడుగుతాడు. అన్నీ అసలువే అంటే, వేరుగా ఉన్నదాన్ని మార్చిందెవరని అడుగుతాడు. ఎటు పరిగెత్తినా దారి ఆ వెనక గది తలుపు దగ్గరే ఆగుతోంది. మిగిలింది ఒక్క కన్నమే. అందులోంచి దూరితే ఇన్నేళ్ల తన విద్య, తన కంటి మీద తనకున్న నమ్మకం అన్నీ బయటే ఉండిపోతాయి.

వేలు చాచి ముత్తాత కాసును చూపించాడు. "ఇదే దొంగది, బోజీ. అమ్మినవాడు ఒకటి కలిపేశాడు."

"మిగతావి?"

"మిగతావన్నీ అసలువి."

వంటింటి గుమ్మంలో సూర్యావతి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

బోజీ ఆ కాసును వేళ్ల మధ్య పట్టుకుని గచ్చు మీదికి జారవిడిచాడు. ఖంగుమంది. ఎంత తియ్యగా మోగిందంటే, ఆ మోత గదంతా తిరిగి నిదానంగా చల్లారింది. "దొంగదైతే మోత ఇంత బాగుందేం?" అంటూ వరసలోంచి ఇంకో కాసు తీశాడు, దాన్నీ జారవిడిచి పోల్చి చూడటానికి.

"వద్దు బోజీ!" భీమరాజు అరిచాడు. జన్మలో పెద్దవాళ్ల ముందు అంత గట్టిగా అరవలేదు. "అసలు వాటికి దెబ్బ తగలకూడదు. అంచు నొక్కుకుంటే విలువ పోతుంది. దొంగదాంట్లోనూ వెండి వెండే, మోగుతుంది. పనే దొంగది."

బోజీ ఆయన్ని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, ఆ దొంగ కాసును ఎర్ర గుడ్డ మీద పెట్టాడు. "నా సొమ్ము మీద నాకంటే నీకే ప్రేమ ఉంది," అన్నాడు. పెట్టె మూశాడు. ఫోను తీసి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడాడు. సత్యప్రసాద్ పేరు ఆ ముక్కల్లో ఉంది. "వాడికి చెప్పు, పండక్కి హాయిగా నీళ్లు పోసుకోమని." గుమ్మం దగ్గర ఆగి నేల మీది కాసును చూపించాడు. "అది నువ్వే ఉంచుకో. నీ మాట మీద ఆ పదకొండూ పదకొండు ఇళ్లకి వెళ్తున్నాయి. ఆ మాట నేను మర్చిపోను. అమ్మినవాడి సంగతి నేను చూసుకుంటాను."

బండి వెళ్లాక గడియ తీశారు. సత్యప్రసాద్ బయటికి వచ్చి, నేల మీద కూర్చుని ఏడుస్తున్న తండ్రిని చూసి కంగారు పడ్డాడు. "ఏటి నాన్నా? ఏటయ్యింది?"

"ఏటీ నేదురా," అన్నాడు భీమరాజు. "ఎండ ఎక్కువగా ఉంది."

సోమవారం చీటీల్లో సత్యప్రసాద్ పేరు లేదు. సూర్యావతి మొక్కు తీర్చి, పసుపు కాసును నదిలో కలిపేసింది. "సూసినావా, అమ్మ నిలబెట్టీసినాది!" అంది. భీమరాజు ముడుపు కాసును పాత డబ్బాలో పెట్టాడు. తన నోటితో దొంగదన్నాక ఇక దాన్ని ఎవరికీ చూపించలేడు. పోనీలే, కొడుకు ఇంట్లో ఉన్నాడు. వెనక గది తలుపు తెరిచే ఉంది, పాట గట్టిగానే వినిపిస్తోంది. ఆ రెండు రోజులూ ఆయన తిన్న అన్నం ఒంటికి పట్టింది.

మూడో రోజు కూరగాయలకని బజారుకి వెళ్లాడు. చింతపండు కొట్టు ముందు జనం విరగబడి ఉన్నారు. కొట్టు నడిపే పెద్దావిడ డా మ్యా చెమట తుడుచుకుంటూ తూచి పోస్తోంది.

"ఇంత గిరాకీ ఏమిటి?" అని అడిగాడు యథాలాపంగా.

ఆమె నవ్వి, పెద్దాయనన్న మర్యాదకి పేరు ముందు 'ఊ' చేర్చి అంది. "ఏ దేశం నుంచి వచ్చావు ఊ భీమా? నీళ్ల పండగ ముందు ఏటా ఇంతే కదా! ఇల్లు కడగాలి, బుద్ధుడికి స్నానం చేయించాలి, ఇంట్లో ఉన్న వెండి గిన్నెలూ ఇత్తడి పళ్లాలూ అన్నీ తోమాలి. పండక్కి నల్లటి వెండి ఇంట్లో ఉంచుకుంటారా ఎవరైనా? పొద్దున్నే మింగళాడోన్ వైపు పెద్ద ఇళ్ల పనివాళ్లు వచ్చి మూట కట్టుకుపోయారు."

భీమరాజు చేతిలో సంచి జారిపోయింది. పదకొండు ఇళ్లు. పదకొండుమంది పనిమనుషులు, పదకొండు గిన్నెల చింతపండు రసం. తోమితే భూతద్దం అక్కర్లేదు, గుడ్డివాడు తడిమినా ఆ బొక్కలు తెలుస్తాయి. ఎవరు అసలువన్నారని ఆ పెద్దలు బోజీని అడుగుతారు. బోజీ మర్చిపోనని చెప్పే వెళ్లాడు. వెనక గది తలుపు తెరిచే ఉంది.

"మిగిలిందంతా కట్టు," అన్నాడు, మిగతా ఇళ్లకైనా చేరకుండా ఆపాలని.

"అంతా అంటే?"

"అంతా. బస్తాలో ఉన్నది కూడా."

డా మ్యా నోరు తెరిచింది. పక్క కొట్లోనూ కొన్నాడు, ఆ పక్కదాంట్లోనూ కొన్నాడు. గడియారాలు బాగుచేసే ఊ భీమకి మతి పోయిందని బజారంతా నవ్వుకుంది. సాయంత్రానికి చిమిండైంగ్ బజారులో చింతపండు తునక లేదు. ఇంట్లో నడవ నిండా బస్తాలు. ఆ పుల్లటి వాసనలో సూర్యావతి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇదంతా ఏటి సేస్తావయ్యా?" అని అడుగుతూనే ఉంది. ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి రేవుకి పడవ వచ్చింది. కూలీలు చింతపండు బస్తాలు దించుతున్నారు.